నలభై ఒకటో గుండీ

లోఫోటెన్ దీవుల్లో ఏప్రిల్.
కొయ్య దండేల మీద కాడ్ చేపలు
తోకకి తోక ముడివేసి, జంటలు జంటలుగా, తలల్లేకుండా,
గాలికి టకటకమంటున్నాయి.
వాటి నడుమ నేను కట్టినవి అరవై గుండీలు.
చింతగింజకన్నా కాస్త పెద్దవి.
లోపల ఒక్కో బిళ్ళ బ్యాటరీ, రెండేళ్ళ బత్తెం.

బత్తెం తక్కువ కాబట్టి నిద్ర ఎక్కువ.
పది నిమిషాలకోసారి కన్ను తెరుస్తాయి,
తేమ చూస్తాయి, వెచ్చన చూస్తాయి,
"ఉన్నాను" అని ఒక్క మాట గాలిలోకి వదిలి
మళ్ళీ ముడుచుకుంటాయి.
ఆ రెప్పపాటులో ఎవరి జేబులో ఫోనైనా వినిపించుకుంటే సరి,
లేదంటే లెక్కంతా కడుపులో దాచుకుని
ఇంకెవరి అడుగులకోసమో కాచుకోవడమే.

ఇక్కడ నేను తీగ లాగలేదు.
నడిచే మనిషే తీగ.
పొద్దున్నే కుక్కని తిప్పే సున్నివా ఒక తీగ.
చేప నాలుకలు కోసి చేతిఖర్చు సంపాదించే బడిపిల్లలు నాలుగు తీగలు.
పాస్టరు ఆదివారాలు మాత్రమే పనిచేసే తీగ,
అదీ ఆలస్యంగా.
అందరూ ఒప్పుకుని సంతకాలు పెట్టారు, పెట్టి మరిచిపోయారు.
మా చేపల తేమ వాళ్ళ జేబుల్లో
ఊరంతా తిరిగి నా దగ్గరికొస్తుంది.

ఓద్‌వార్‌కి ఫోను లేదు.
నలభై ఏళ్ళుగా ఎండుచేపకి తరగతి కడుతున్న మనిషి.
వెన్ను మీద వేలితో కొట్టి వింటాడు,
మెడ దగ్గర ముక్కు పెట్టి ఒక్క పీల్పు,
"ఇది ఇటలీకి. ఇది నైజీరియాకి."
నా గుండీల్ని అటూ ఇటూ తిప్పి అడిగాడు:
"వీటికి వాసన తెలుసా?"
తెలీదన్నాను.
"పోనీ, నిద్ర తెలుసు. అదీ నయమే."

పదహారో తేదీన నలభై ఒకటో గుండీ నోరు మూసుకుంది.
దండెం దగ్గర తెగిన దారం కొస మాత్రం ఉంది.
పదిహేడు. పద్దెనిమిది. పంతొమ్మిది.
ఇరవయ్యో తేదీ సున్నివా కుక్క పట్టు విడిపించుకుని
కొండవాలుకి పరిగెత్తింది, ఆవిడ తిట్టుకుంటూ దాని వెనక.
సాయంత్రం ఆవిడ ఫోను నాకు అప్పజెప్పిన మూటలో
నలభై ఒకటి ఉంది.
బయట సున్నాకి రెండు కింద,
అది చెప్పేది ముప్పై ఆరు.

మతి చెడింది అనుకున్నాను, అదే రాశాను.
రాసి, నాలుగు రోజుల గీత మళ్ళీ చూశాను.
రాత్రంతా ముప్పై ఆరు. తెల్లారాక కొన్ని నిమిషాలు చిన్న దిగుడు.
మళ్ళీ ముప్పై ఆరు. మధ్యాహ్నం ఇంకో దిగుడు.
చెడిపోయిన వస్తువుకి ఇంత క్రమశిక్షణ ఉండదు.

ఓద్‌వార్ అంకెలు అడగలేదు.
గీత మీద గోటితో, చేప వెన్ను మీద కొట్టినట్టే, ఒకసారి కొట్టి అన్నాడు:
"ఎవరో లేచి, ఇంత తిని,
మళ్ళీ వచ్చి కూర్చుంటున్నారు."

కొండచరియ అంచున పుల్లలు, వల ముక్కలు, గొర్రె బొచ్చు.
బొంతకాకి తోక కొంచెం బయటికి.
దాని గుడ్ల కింద మా కంపెనీ ఆస్తి.

ఎక్కి తేవచ్చు. నిచ్చెన ఉంది, తాడు ఉంది,
పోయిన పరికరానికి నింపాల్సిన కాగితం కూడా ఉంది.
నేను ఫోను పైకెత్తి నిలబడ్డాను.
పది నిమిషాలకోసారి లేచేదాన్ని
గంటకోసారి లేవమని చెప్పాలి,
పిల్లలు ఎగిరిపోయాక కూడా దాని బ్యాటరీ మిగలాలని.
చెప్పాలంటే అది మేలుకోవాలి.
ఎనిమిది నిమిషాలు.
వేళ్ళు కొయ్యబారాయి. ఓద్‌వార్ తన చేతితొడుగు ఒకటి ఇచ్చాడు,
ఒక్కటే.
తెరమీద "ఉన్నాను" మెరిసింది.
చెప్పాను. సరేనంది. పడుకుంది.

పైనుంచి కాకి ఒక్క అరుపు అరిచింది,
నా మీదో, కుక్క మీదో.

కాగితంలో "కారణం" అన్న గడి దగ్గర చాలాసేపు ఆగి
రాశాను:
వేరే పని మీద ఉంది.